సైకిల్ హైడ్రాలిక్ బ్రేకులు: లీవర్లు అటూ ఇటూ తిప్పాలా, పైపులు మార్చాలా, ఉన్నదానికే అలవాటు పడాలా?

కైలాసగిరి రోడ్డు దిగుతున్నాను. వైజాగ్‌లో పొద్దున్నే ఆరింటికి ఆ రోడ్డు మీద వాకింగ్ వాళ్ళు, కుక్కలు తప్ప పెద్దగా ఎవరూ ఉండరు. ఆ కుక్కల్లో ఒకటి మలుపు దగ్గర నిద్ర లేచి తాపీగా అడ్డం వచ్చింది. పదిహేనేళ్ళు గేరు బండి నడిపిన చెయ్యి తనకి తెలిసిన పనే చేసింది: ఎడమ చేత్తో క్లచ్ మొత్తం పట్టేసింది. సైకిలుకి క్లచ్ ఎక్కడిది? ఆ సైకిలుకి ఎడమ లీవరంటే ముందు డిస్క్ బ్రేకు. వెనక చక్రం గాల్లోకి లేవడం తెలిసింది, ఆ తర్వాత నేను హ్యాండిల్ మీంచి రోడ్డు మీదకి వెళ్ళడం తెలిసింది. మోచెయ్యి గీరుకుపోయింది, హెల్మెట్ పగిలింది. కుక్క పక్కకి వెళ్ళి మళ్ళీ పడుకుంది.

ఆ వారమే బ్రేకులు అటూ ఇటూ మార్చేద్దామని కూర్చున్నాను. అలెన్ కీతో రెండు లీవర్లూ విప్పి, ఇటుది అటు, అటుది ఇటు బిగిస్తే అయిపోతుందనుకున్నాను. కేబుల్ బ్రేకులైతే దాదాపు అంతే. లీవర్లు కూడా విప్పక్కర్లేదు, కేబుళ్ళు మార్చి బిగించేస్తే టీ చల్లారే లోపు పని పూర్తి. హైడ్రాలిక్‌లో కేబుల్ ఉండాల్సిన చోట ఆయిల్ నిండిన పైపు ఉంటుంది. దాన్ని విప్పితే ఆయిల్ కారుతుంది, గాలి దూరుతుంది. అందుకే ఇక్కడ ఒక దారికి బదులు నాలుగు దారులున్నాయి. వాటిలో మీకు ఏది సరిపోతుందో చెప్పడానికే ఇదంతా.

కుడా, ఎడమా: ఇది ఎవరు పెట్టారు?

సైకిళ్ళు తయారయ్యే చోటు ఏదైనా, అమ్మే దేశాన్ని బట్టి బ్రేకులు బిగిస్తారు. అమెరికాలో వినియోగదారుల భద్రతా నిబంధన ప్రకారం ముందు బ్రేకు ఎడమ చేతికి, వెనక బ్రేకు కుడి చేతికి ఉండాలి, కొనేవాళ్ళు ప్రత్యేకంగా వేరేలా అడిగితే తప్ప. బ్రిటన్‌లో దీనికి సరిగ్గా తిరగేసి, ముందు బ్రేకు కుడి చేతికి. సైకిళ్ళ అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 4210 ఈ గొడవలో తల దూర్చకుండా, ఆయా దేశం చట్టమో వాడుకో ఎలా ఉంటే అలా పెట్టుకోండి, ఎలా పెట్టారో మాన్యువల్‌లో రాయండి అని వదిలేసింది. మన దగ్గర షాపుల్లో రెండు రకాలూ కనబడతాయి. డాలస్ నుంచో న్యూజెర్సీ నుంచో విమానంలో పెట్టెకట్టి తెచ్చుకున్న సైకిలైతే ఎడమ చేతికి ముందు బ్రేకు ఉంటుందని కళ్ళు మూసుకుని చెప్పొచ్చు.

మోటారు బళ్ళలో మాత్రం ఈ తేడా లేదు. గేరు బండి అయినా స్కూటర్ అయినా ముందు బ్రేకు కుడి చేతికే. గేరు బండికి ఎడమ చేతిలో క్లచ్, స్కూటర్‌కి ఎడమ చేతిలో వెనక బ్రేకు. అందుకే కుడి చేతికి ముందు బ్రేకు ఉండే సైకిల్ అమరికని మోటో పద్ధతి అంటారు.

డబ్బు లెక్క కంటే ముందు చెయ్యి లెక్క

నన్నడిగితే ఈ నిర్ణయానికి సైకిలుతో సంబంధం తక్కువ. కంగారు పడినప్పుడు మీ ఏ చెయ్యి ముందు బిగుసుకుంటుంది అన్నదే అసలు ప్రశ్న.

గేరు బండి రోజూ నడిపేవాళ్ళకి సడన్ బ్రేకు అంటే రెండు చేతులూ, ఒక కాలూ కలిసి చేసే పని. కుడి చెయ్యి కొంచెం ఆచితూచి నొక్కుతుంది, ఎందుకంటే ముందు చక్రం జారితే ఏమవుతుందో దానికి తెలుసు. ఎడమ చెయ్యికి ఆ భయం లేదు. క్లచ్‌ని సగం పట్టడం, మెల్లగా పట్టడం అనే మాట కంగారులో ఉండదు. మొత్తం లోపలికి లాగేస్తుంది. అలాంటి చేతికి సైకిలు ముందు డిస్క్ బ్రేకు అప్పగిస్తే ఏమవుతుందో పైన చెప్పాను.

స్కూటర్ వాళ్ళ పరిస్థితి ఇంకొంచెం చిత్రం. 2019 ఏప్రిల్ నుంచి మన దేశంలో కొత్తగా అమ్మే 125 సీసీ లోపు బళ్ళకి ఏబీఎస్ (చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) అయినా ఉండాలి, లేదా కంబైన్డ్ బ్రేకు అయినా ఉండాలి అని రూలు పెట్టారు. స్కూటర్లలో ఎక్కువ వాటికి ఉన్నది ఈ రెండోదే. ఎడమ లీవరు నొక్కితే వెనకదీ ముందుదీ రెండూ కొంచెం కొంచెం పడతాయి. దాంతో ఎడమ చెయ్యి ఒక్కటీ గట్టిగా పట్టుకుంటే బండి బుద్ధిగా ఆగుతుంది. కుడి లీవరు జోలికే వెళ్ళకుండా ఏళ్ళకేళ్ళు స్కూటర్ నడిపేవాళ్ళు మీకు తెలిసినవాళ్ళలోనే ఉంటారు. వాళ్ళు ఎడమ చేతికి ముందు బ్రేకున్న సైకిలెక్కితే ఆ బుద్ధిమంతుడైన లీవరే ఎదురు తిరుగుతుంది.

ఇంకో కారణం ఉంది, దీన్ని సైకిలు వాళ్ళు తక్కువగా పట్టించుకుంటారు. మనం రోడ్డుకి ఎడమ పక్కన వెళ్తాం. కుడికి తిరగాలంటే ట్రాఫిక్‌ని దాటాలి, అందుకని కుడి చెయ్యి చాపి చూపిస్తాం. ఆ రెండు సెకన్లూ హ్యాండిల్ మీద ఎడమ చెయ్యి ఒక్కటే ఉంటుంది. అప్పుడు ఆటో ఒకటి అడ్డం వస్తే ఒంటి చేత్తో పట్టుకున్న హ్యాండిల్‌తో ముందు బ్రేకు గట్టిగా వేయడం కంటే వెనక బ్రేకు వేయడం మేలు. వెనక చక్రం జారినా సర్దుకోవచ్చు. బ్రిటన్‌లో కుడికి ముందు బ్రేకు పెట్టడం వెనక చెప్పే కారణాల్లో ఇదీ ఒకటి.

అలాగని వెనక బ్రేకునే నమ్ముకోమని కాదు. పొడి రోడ్డు మీద గట్టిగా ఆపితే బరువంతా ముందు చక్రం మీదకి వస్తుంది, బండిని ఆపేది ప్రధానంగా ముందు బ్రేకే. అది తెలివిగా వాడే చేతిలో ఉండాలి. ఆ తెలివి మీ ఏ చేతికి ఉంది?

వదిలేయడం: ఎవరికి సరిపోతుంది

మోటారు బండి నడపనివాళ్ళు, చిన్నప్పటి నుంచి ఎడమ చేతికి ముందు బ్రేకున్న సైకిలు తొక్కినవాళ్ళు, అమెరికాలోనే ఉంటూ అక్కడి అద్దె సైకిళ్ళూ స్నేహితుల సైకిళ్ళూ వాడేవాళ్ళు దీన్ని ముట్టుకోకండి. హైదరాబాద్‌లో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో తెరిచిన 23 కిలోమీటర్ల సోలార్ కప్పు ట్రాక్ మీద ఆదివారం పూట తొక్కడమే మీ సైక్లింగ్ అయితే కూడా తొందరేం లేదు. అక్కడ ఘాట్ రోడ్డు లేదు, ఎదురొచ్చే లారీ లేదు.

వారం పది రోజులు ఖాళీ గ్రౌండ్‌లో ప్రాక్టీస్ చేస్తే అలవాటు పడిపోతారని కొందరు చెబుతారు. మామూలుగా ఆగడానికి నిజమే. నేను కూడా మూడు నెలల్లో పూర్తిగా అలవాటు పడ్డాననే అనుకున్నాను, సిగ్నళ్ళ దగ్గర ఒక్కసారీ తప్పు చేయలేదు. కుక్క వచ్చినప్పుడు మాత్రం మూడు నెలల చెయ్యి మాయమై, పదిహేనేళ్ళ చెయ్యి బయటికొచ్చింది. పొద్దున సైకిలు, తొమ్మిదింటికి బండి మీద ఆఫీసు అన్నట్టుగా రోజూ రెండూ నడిపేవాళ్ళకి ఈ దారి నేను చెప్పను.

లీవర్లనే తిప్పడం: అదృష్టవంతుల దారి

కొన్ని బ్రేకుల్లో లీవరు రెండు వైపులా పనిచేసేలా చేస్తారు. స్రామ్ కంపెనీ గైడ్, కోడ్ లీవర్లు, మగురా కంపెనీ ఎంటీ వరసలో చాలా లీవర్లు ఈ రకం. ఎడమ నుంచి తీసి, తిరగేసి, కుడికి బిగించొచ్చు. పైపు విప్పక్కర్లేదు, ఆయిల్ కారదు, గాలి దూరదు. లీవర్ని హ్యాండిల్‌కి పట్టి ఉంచే క్లాంప్ బోల్టులు విప్పడం, బిగించడం, పైపు ఎటు వంగుతుందో చూసుకోవడం, అంతే. మీ బ్రేకు ఈ రకమైతే ఇక పోలికలేమీ చదవక్కర్లేదు, సాయంత్రం చేసేసుకోండి. ముందు మీ మోడల్ మాన్యువల్ మాత్రం ఒకసారి చూడండి, ఒకే కంపెనీలో అన్నీ ఒకేలా ఉండవు.

షిమానో లీవర్లు ఇలా కుదరవు. ఎడమది ఎడమకే, కుడిది కుడికే. మన దగ్గర మధ్య ధర సైకిళ్ళకి ఎక్కువగా వచ్చేవి షిమానో, టెక్ట్రో. టెక్ట్రోలో కూడా ఆయిల్ డబ్బా మూత పైకి కనబడే మోడళ్ళని తిప్పకూడదు. ఎందుకో చెబుతాను. లీవరు లోపల, ఆయిల్‌ని పైపులోకి తోసే మాస్టర్ సిలిండర్ పక్కన ఆయిల్ నిలవ ఉండే చిన్న డబ్బా ఉంటుంది. లోపల ఎక్కడైనా బుడగ మిగిలితే అది పైకి వెళ్ళి ఆ డబ్బాలో కూర్చోవాలి, అప్పుడు దానివల్ల నష్టం లేదు. లీవర్ని తలకిందులు చేస్తే డబ్బా కిందికి వస్తుంది, బుడగ సిలిండర్‌లోకి పోతుంది. సమంగా ఉన్న రోడ్డు మీద బాగానే ఉన్నట్టుంటుంది. ఘాట్ దిగేటప్పుడు ఒకసారి లీవరు మెత్తగా హ్యాండిల్ దాకా వచ్చేస్తుంది.

మీ లీవరు ఏ రకమో చూడాలంటే, హ్యాండిల్ మీద ఉండగానే కిందనుంచీ పైనుంచీ చూడండి. గాలి తీసే స్క్రూ ఒక్క పైవైపే ఉంటే, మూత ఒక్క వైపే ఉంటే అది ఒకే వైపుకి పనికొచ్చే లీవరు. గేరు షిఫ్టర్ విడి క్లాంప్ లేకుండా బ్రేకు లీవరుకే బిగించి ఉంటే ఇంకో చిక్కు. లీవరు తిప్పితే షిఫ్టర్ కూర్చునే చోటు పోవచ్చు, ఆ అతుకు ముక్క మళ్ళీ రెండో వైపుది కొనాల్సి రావచ్చు.

రెండు వైపుల లీవరైనా పైపు పొడవు కలిసి రావాలి. తిప్పిన తర్వాత హ్యాండిల్‌ని రెండు పక్కలకీ పూర్తిగా తిప్పి చూడండి. పైపు తీగలా బిగుసుకుంటే వద్దు.

పైపులు మార్చడం: ఎక్కువమందికి ఇదే

లీవర్లు ఎక్కడివక్కడే ఉంటాయి. వాటికి వచ్చే రెండు పైపుల్నీ విప్పి ఇటుది అటు బిగిస్తాం. నేను చేయించింది ఇదే, రెండోసారి నేనే చేసుకున్నది కూడా ఇదే.

మొదట కొలత. దీనికి టేపు పనికి రాదు, పురికొస కావాలి. ముందు కాలిపర్ (చక్రం దగ్గర డిస్క్‌ని పట్టి ఆపే భాగం) దగ్గర పురికొస ఒక కొస అంటించి, పైపు ఎలా వెళ్తుందో అలాగే ఫోర్క్ వెంట పైకి తెచ్చి, కుడి లీవరు దాకా కొంచెం వదులుగా లాగండి. హ్యాండిల్‌ని రెండు పక్కలకీ తిప్పండి. ఎక్కడా బిగుసుకోకపోతే అక్కడ ముడి వేయండి. ఇప్పుడు అదే పురికొసని ఉన్న పైపు మీద పెట్టి చూడండి. పైపు ముడి కంటే కనీసం రెండు సెంటీమీటర్లు ఎక్కువ ఉండాలి, ఎందుకంటే కొస కోయాల్సి వస్తుంది. ముందు పైపు విషయంలో సాధారణంగా పర్వాలేదు. కాలిపర్ దాదాపు ఎప్పుడూ ఎడమ ఫోర్క్ కాలుకే ఉంటుంది కాబట్టి కుడి లీవరు నుంచి వచ్చే పైపు పెద్ద వంపు తిరిగి హాయిగా దిగుతుంది, ఎడమ లీవరు నుంచి వచ్చినప్పటి కంటే చూడ్డానికీ బాగుంటుంది. పొడవు చాలకపోతే మాత్రం ఇక్కడే చాలదు, ఎందుకంటే కంపెనీలు ముందు పైపుని మిగులు లేకుండా కోసేస్తాయి.

వెనక పైపుతో తంటా వేరు. ఫ్రేమ్ బయట క్లిప్పులతో వెళ్తే దాన్ని కొంచెం ముందుకీ వెనక్కీ జరిపి సర్దుకోవచ్చు. ఫ్రేమ్ లోపలికి వెళ్ళే రకమైతే అది దూరే కన్నం ఎటువైపు ఉందో చూడండి. కొన్ని ఫ్రేములకి రెండు వైపులా కన్నాలుంటాయి, వాడని దానికి రబ్బరు బిరడా ఉంటుంది. ఒకే వైపు ఉంటే, ఎడమ లీవరు నుంచి ఎడమ కన్నంలోకి వెళ్ళే పైపు మెడ దగ్గర చటుక్కున మడత పడొచ్చు. మడత పడిన పైపు మళ్ళీ నిటారుగా రాదు. ఇక హెడ్‌సెట్ (హ్యాండిల్ తిరిగే మెడ దగ్గరి బేరింగులు) లోపలి నుంచి పైపులు దూరే కొత్త సైకిళ్ళని ఇంట్లో విప్పకండి, అది షాపు పని.

పొడవు సరిపోయింది అనుకుందాం. చక్రాలు రెండూ తీసేయాలి, బ్రేకు ప్యాడ్లు తీసి దూరంగా, వేరే గదిలో పెట్టాలి. ప్యాడ్ మీద ఒక్క ఆయిల్ చుక్క పడినా అది ఇక అరుస్తుంది గానీ ఆపదు. ప్యాడ్ల స్థానంలో, వాటిని డిస్క్ మీదకి నెట్టే పిస్టన్లు బయటికి రాకుండా ప్లాస్టిక్ దిమ్మ పెట్టాలి. రెండు పైపులకీ రంగు టేపు చుట్టి ముందుది, వెనకది అని గుర్తు పెట్టుకోండి. రెండూ నల్లగానే ఉంటాయి, విప్పాక ఏది ఏదో అనే అనుమానం తప్పకుండా వస్తుంది.

షిమానోలో లీవరు దగ్గర పైపుని పట్టుకునేది 8 మిల్లీమీటర్ల నట్టు. రబ్బరు తొడుగు వెనక్కి జరిపి స్పానర్‌తో విప్పి, గుడ్డ కింద పెట్టి పైపు లాగితే వస్తుంది. కొసన రెండు చిన్న వస్తువులు కనబడతాయి. పైపు నోట్లోకి దిగిన గొట్టం ముక్క బార్బ్. బయట చుట్టూ నలిగి పైపుని కరుచుకున్న ఇత్తడి ఉంగరం ఆలివ్. నట్టు బిగించినప్పుడు ఈ ఉంగరం నలిగి లీకు కాకుండా అతుక్కుంటుంది, అంటే దాని జీవితంలో ఒక్కసారే నలగాలి. పాత ఉంగరాన్నే మళ్ళీ బిగిస్తే కూర్చున్నట్టే ఉంటుంది. గట్టిగా బ్రేకు వేసిన రోజు నట్టు చుట్టూ తడి కనబడుతుంది. కాబట్టి కొస ఒకటిన్నర సెంటీమీటరు అడ్డంగా, వంకర లేకుండా కోసి, కొత్త ఉంగరం, కొత్త బార్బ్ పెట్టాలి. ఇవి కొనేటప్పుడు పైపు మీద అచ్చు వేసిన నంబరు చూడండి. షిమానోలో బీహెచ్ 90, బీహెచ్ 59 అని రెండు రకాల పైపులు ఎక్కువగా కనబడతాయి, ఒకదాని బార్బ్ ఇంకోదానికి సరిపోదు. బార్బ్‌ని పసుపు రంగు ప్లాస్టిక్ దిమ్మల మధ్య పైపు బిగించి, చిన్న సుత్తితో మెల్లగా దించాలి. తర్వాత పైపుని లీవరులోకి గట్టిగా నెట్టి పట్టుకుని, నెడుతూనే నట్టు బిగించాలి. షిమానో చెప్పే బిగింపు 5 నుంచి 7 న్యూటన్ మీటర్లు. టార్క్ రెంచి లేకపోతే అరువు తెచ్చుకోండి, చెయ్యి అంచనా మీద ఆ నట్టు మర పోగొట్టినవాళ్ళని చూశాను.

తర్వాత గాలి తీయడం. లీవరు మీద స్క్రూ విప్పి అక్కడ గరాటు పెట్టి, కింద కాలిపర్ నుంచి సిరంజితో ఆయిల్ పైకి ఎక్కించాలి. బుడగలు గరాటులోకి వస్తుంటాయి. పైపుని కింద నుంచి పై దాకా స్క్రూడ్రైవర్ పిడితో తడుతూ రండి, ఇంక రావనుకున్న బుడగలు ఇంకో నాలుగు వస్తాయి. లీవర్ని అటూ ఇటూ వంచి మళ్ళీ నొక్కండి. నాకు మొదటిసారి ఒక్కో బ్రేకుకి గంట పట్టింది. నొక్కితే లీవరు సగంలోనే రాయిలా ఆగిందంటే పని అయినట్టు.

ఇక్కడ ఒక సంగతి గట్టిగా చెప్పాలి. మొదటిసారి నేను దీన్ని ఒక షాపుకిచ్చాను. అతను మంచి మెకానిక్కే, కానీ మోటారు సైకిళ్ళ మెకానిక్. బ్రేకు ఆయిల్ అయిపోతే అరలో ఉన్న, మోటారు బళ్ళకి వాడే డాట్ 4 సీసా తీసి నింపేశాడు. నా బ్రేకులు మినరల్ ఆయిల్‌వి. రెండు రకాలూ చూడ్డానికి ఆయిలే, కానీ ఒకదానికి తయారుచేసిన రబ్బరు సీళ్ళు ఇంకోదాన్ని తట్టుకోలేవు. రెండు వారాల్లో లీవరు నొక్కితే తిరిగి రావడం మానేసింది, కాలిపర్ చుట్టూ చెమట పట్టినట్టు తడి. లీవర్లు, కాలిపర్లు అన్నీ పారేశాను. షిమానో, మగురా, టెక్ట్రో మినరల్ ఆయిల్ వాడతాయి. షిమానోది ఎర్రగా ఉంటుంది, మగురాది నీలంగా. స్రామ్ గైడ్, కోడ్ లాంటివి డాట్ 5.1 వాడతాయి, కానీ అదే స్రామ్ వాళ్ళ డీబీ 8 మినరల్ ఆయిల్ది. అందుకని కంపెనీ పేరు చూసి ఊహించకండి, లీవరు మీదో మూత మీదో రాసి ఉంటుంది, చదవండి. సైకిలు షాపుకిచ్చినా సీసా మీరే కొని చేతికివ్వండి. డాట్ ఆయిల్ ఫ్రేమ్ మీద పడితే పెయింట్ తినేస్తుంది, అది వేరే ఏడుపు.

ఖర్చు సంగతి: ఉంగరాలు, బార్బ్‌లు పదుల రూపాయల్లో వస్తాయి, ఆయిల్, సిరంజి సెట్టు వందల్లో. మొదటిసారి చేసేవాళ్ళు కొస తప్పుగా కోసి ఇంకో ఉంగరం వాడటం ఖాయం కాబట్టి నాలుగు కొనుక్కోండి.

కొత్త సెట్టు కొనడం

విడిగా అమ్మే బ్రేకు సెట్లు చాలావరకు ఆయిల్ నింపి, గాలి తీసి, లీవరుకి పైపు బిగించి వస్తాయి. కుడి లీవరుకి ముందు కాలిపర్, ఎడమ లీవరుకి వెనక కాలిపర్ ఉన్నది అడిగి కొంటే బిగించడమే పని. పెట్టె మీద కుడి, ముందు అని ఉందో లేదో డబ్బులిచ్చే ముందు చదవండి. ఎక్కువ స్టాకు ఎడమ-ముందు రకమే అయితే షాపువాళ్ళు దాన్నే ఇవ్వాలని చూస్తారు.

ఇది వేలల్లో పడుతుంది. అయినా కొన్ని చోట్ల ఇదే చవక. మీ పాత బ్రేకుల్లో లీవరు ఇప్పటికే మెత్తగా ఉంటే, పిస్టన్లు సరిగ్గా వెనక్కి వెళ్ళకపోతే, ముందు పైపు పొట్టిదైతే, ఉన్నదాని మీద పైపులు, ఆయిల్, కూలీ అని పెట్టుకుంటూ పోతే సగం దారిలో కొత్త సెట్టు ధర తగులుతుంది. ఫ్రేమ్ లోపలి నుంచి పైపు వెళ్ళే సైకిలుకి మాత్రం కొత్త సెట్టు కొన్నా పైపు విప్పక తప్పదు, లోపలికి దూర్చాలంటే కొస విడిగా ఉండాలి కదా. అప్పుడు దీని లాభం సగం పోయినట్టే.

ఇంకో ఆలోచన చాలామందికి వస్తుంది, నాకూ వచ్చింది. లీవర్లు, పైపులు ఏమీ విప్పకుండా కాలిపర్లనే మార్చేస్తే? ముందు కాలిపర్ వెనక్కి, వెనకది ముందుకి. కాలిపర్లు చాలావరకు ఒకటే, వాటిని బిగించే అడాప్టర్లే తేడా. కానీ ముందు పైపు వెనక చక్రం దాకా రాదు. పురికొసతో కొలిస్తే రెండు నిమిషాల్లో తెలిసిపోతుంది, నాకు అరగంట పట్టింది.

డ్రాప్ హ్యాండిల్ (కొసలు కిందికి వంగినది) ఉన్న రోడ్డు సైకిళ్ళకి గేరూ బ్రేకూ ఒకే లీవరులో ఉంటాయి కాబట్టి లీవర్లు తిప్పడమనే మాట లేదు, పైపులే మార్చాలి. అదీ హ్యాండిల్‌కి చుట్టిన టేపు అంతా విప్పాకే. లీవరు నుంచి కేబుల్, కాలిపర్ దగ్గర హైడ్రాలిక్ ఉండే సగం-సగం రకమైతే కేబుల్ బ్రేకు మార్చినంత సులువు.

సరే, ఎవరు ఏం చేయాలి

కొత్త సైకిలు కొంటున్నారా? ఇదంతా డబ్బులు కట్టకముందే తేల్చండి. సైకిలు పెట్టెలో వచ్చి షాపులోనే బిగిస్తారు, ఆ రోజే కుడికి ముందు బ్రేకు పెట్టమంటే వాళ్ళకి ఒక గంట పని. డెలివరీ అయ్యాక అదే పనికి మీరు సైకిలు మోసుకుని వెళ్ళి రెండు రోజులు వదిలి రావాలి. పాత సైకిలైతే ఎలాగూ ఆయిల్ మార్చే సమయం వచ్చే దాకా ఆగి, రెండు పనులూ కలిపి చేయండి.

రోజూ బండి నడుపుతూ ఘాట్‌లు దిగే అలవాటున్నవాళ్ళు, సింహాచలం అయినా అనంతగిరి అయినా, ఆగకండి. లీవరు రెండు వైపులదైతే తిప్పండి, కాకపోతే పైపులు మార్చండి. ఇంట్లో మీరూ మీ తమ్ముడూ ఒకే సైకిలు తొక్కుతుంటే, ఇద్దరిలో ఎవరు బండి నడుపుతారో వాళ్ళ చేతికి తగ్గట్టు పెట్టండి. రెండో వాళ్ళు సైకిలే తొక్కుతారు కాబట్టి త్వరగా సర్దుకుంటారు. రెండు సైకిళ్ళుంటే రెండూ ఒకే రకంగా ఉండాలి. ఒకటి ఇటు, ఒకటి అటు ఉంచుకుని గుర్తు పెట్టుకుంటానంటే నేను నమ్మను.

మార్చిన రోజు సైకిలు రోడ్డు మీదకి తీయకండి. రెండు లీవర్లనీ హ్యాండిల్‌కి రబ్బరు బ్యాండుతో గట్టిగా బిగించి రాత్రంతా వదిలేయండి. లీవరు నట్ల కింద, కాలిపర్ల కింద తెల్ల కాయితం పరచండి. పొద్దున కాయితం మీద మరక లేకపోతే, లీవరు రాత్రి ఎంత గట్టిగా ఉందో అంతే గట్టిగా ఉంటే, డిస్క్‌లని ఐసోప్రొపిల్ ఆల్కహాల్‌తో తుడిచి ప్యాడ్లు పెట్టండి. ఇంటి ముందు సందులో మెల్లగా తొక్కుతూ ఒక్కో బ్రేకుతో పదిహేను ఇరవై సార్లు ఆపండి. మొదట్లో కుడి చెయ్యి ముందు చక్రాన్ని ఆపుతుంటే బండి మీద ఉన్నట్టే అనిపిస్తుంది.

నా సైకిలు ఎడమ లీవరు మీద తెల్ల టేపు ముక్క అంటించి 'వెనక' అని రాసిపెట్టాను. అరువు అడిగినవాళ్ళకి తాళం ఇచ్చే ముందు అది వేలుపెట్టి చూపిస్తాను. మా బావమరిది మాత్రం మొన్న హూస్టన్ నుంచి వచ్చినప్పుడు ఆ టేపు చదివి, సైకిలు పక్కన పెట్టి, నడుచుకుంటూ కొండ ఎక్కాడు.